చల్లగా చేరాలి

టెంపో ఇంకా కదలలేదు. ఒళ్లో కేరేజీ చల్లగానే ఉంది, ఆ చలువ పంట్లాం గుడ్డలోంచి తొడలకు దిగుతోంది, హాయిగా ఉందని ఒక్క క్షణం అనుకుని వెంటనే ఉలిక్కిపడ్డాను, నాకు హాయిగా ఉందంటే నా ఒంటి వేడి దానికి పోతోందన్నమాటే కదా, లోపల మంచు అంతమేరా కరుగుతోందన్నమాటే కదా. కేరేజీని పైకెత్తి పిడి పట్టుకున్నాను. కాసేపటికే చెయ్యి లాగింది. ఎన్ని రాత్రులుగా నిద్ర లేదో లెక్క తప్పింది, కళ్లు మూస్తే చాలు కూర్చున్నచోటే జారిపోయేలా ఉన్నాను, జారితే పిడి వదులవుతుంది. మళ్లీ ఒళ్లోకి దించి, మధ్యలో చేతిరుమాలు మడిచి పెట్టాను. బయట భుయ్యాడీహ్ చౌరస్తా మీద పొద్దున్నే ఎండ ఇనప రేకులా పరుచుకుంది. డ్రైవరు దిగి బీడీ ముట్టించాడు. ఇంకా సవారీలు రావాలట, బండి నిండితేగాని తీయడట. ఈ ఊళ్లో టెంపోలు గడియారం చూసి నడవవు, నిండితే నడుస్తాయి, ఇన్నేళ్లుగా ఎరిగిన సంగతే, ఏనాడూ బాధించలేదు, టాటానగర్ స్టేషన్లో మా పార్శిల్ బాబు నాలుగు మాటలంటాడు, పడతాను, అంతే. ఇవాళ నేను పోవలసింది స్టేషనుకు కాదు, పెద్దాసుపత్రి లేబొరేటరీకి. ఇవాళ కేరేజీలో అన్నం లేదు. అడుగు గిన్నెలో మంచుముక్కలు, వాటి మధ్య ప్లాస్టిక్ కాగితం చుట్టిన చిన్న సీసా, సీసాలో గులాబీ రంగు నీళ్లు, ఆ నీళ్లలో మా పద్మకుమారి కడుపులోంచి ఇందాకే వచ్చిన నెత్తురూ జిగటా.

నాలుగేళ్లు నిండని పిల్ల. మొన్నమొన్నటి దాకా ఎత్తుకుంటే నడుము నొప్పి పుట్టించేది, ఇప్పుడు ఎత్తుకుంటే ఆరేసిన తువ్వాలును తీగ మీంచి తీసినట్టు ఉంటోంది. మాకు తెలుగు, దానికి హిందీ, వీధిలో పిల్లలతో ఆడి ఆడి వచ్చిన హిందీ. పానీ అనేది. నీళ్లు అనవే, మీ తాతలనాటి మాట అను అని మా అమ్మ గదమాయించేది, అది పకపకా నవ్వి పానీ పానీ అని గంతులేసేది. నిన్న రాత్రి పెదవులు కదిలాయి, పానీ అంది, మా అమ్మ వంగి దాని చెవిలో “పానీ కావాలా తల్లీ, పానీ తెత్తన్నానే” అంది. అమ్మ నోట ఆ మాట విన్నాను. అంత పంతం గల మనిషి కూడా వదిలేసుకుందంటే అని అనుకున్నాను, ఆ పైన అనుకోలేదు, లేచి దీపం ఒత్తి ఎగదోశాను.

మొదటిసారీ ఇలాగే తీసుకెళ్లాను. ఇలాగే అంటే ఇలాగ కాదు. మా బస్తీ డాక్టరు బెంగాలీ కుర్రవాడు, మంచివాడు, ఒక మందు ఇచ్చాడు, తగ్గలేదు, ఇంకొకటి ఇచ్చాడు, తగ్గలేదు, అప్పుడు ఇంటినుంచి పిల్ల విరేచనం ఒక సాఫ్ శీశీలో పట్టి పెద్దాసుపత్రికి ఇమ్మన్నాడు, పురుగును పెంచి చూస్తారట, ఏ మందుకు చస్తుందో ఏ మందుకు చావదో తెలుస్తుందట. సాఫ్ అన్నాడు. మా అమ్మ సాఫ్ అన్న మాట విన్నాక ఊరుకుంటుందా. సీసాను మరగకాచింది, పసుపు నీళ్లలో కడిగింది, అది చాలదన్నట్టు ఇంత ఫినాయిలు పోసి గిలకరించి, పెద్దోళ్ల చేతిలో పెట్టే సీసా కంపు కొట్టకూడదు అంది, ఆ ఫినాయిలు వాసన తనకే బాగా నచ్చి మళ్లీ కడగలేదు. పట్టిన తర్వాత ఇంట్లోకి రానిచ్చింది కాదు. ఉన్నది ఒక్క గది, గదిలో దేవుడి పటాలు, మంచినీళ్ల కుండ, అక్కడ ఆ మైల ఎలా పెడతాం. వెనక గోడ మీద పెట్టాం. నేను స్నానం చేసి, పూజ చేసుకుని, నామాలు చదువుకుని, పటాలకు పూలు పెట్టి బయల్దేరేదాకా అది ఆ గోడ మీదే ఎండలో ఉంది. అక్కడికి వెళ్తే భోజనాల వేళ, కిటికీ మూసేశారు, తెరిచేదాకా సంచి రేకుల కింద పెట్టుకుని కూర్చున్నాను. దేంట్లోనూ నాకు తప్పు కనిపించలేదు. శుభ్రంగా కడిగిన సీసా, శుభ్రంగా స్నానం చేసిన మనిషి. తర్వాత చీటీ ఇచ్చారు, వీధి చివర బి.ఏ. చదివిన గోవిందరావు చూసి, ఏమీ పెరగలేదని రాశారు అన్నాడు. పెరగలేదు. ఆ మాటకు మా ఇంట్లో ఎంత వెలుగు వచ్చిందని. జబ్బు పెరగలేదు, పురుగు పెరగలేదు, ఇంక తగ్గుముఖమే అని మా ఆవిడ కాంతం పిల్లను గుండెకు హత్తుకుని ఏడ్చింది. అమ్మ కొబ్బరికాయ కొట్టింది, ఇరుగూ పొరుగూ అందరికీ ముక్కలు పంచింది. ఆ రాత్రి పిల్ల మరీ నీరసపడింది.

డాక్టరు ఆ చీటీ చూసి నవ్వలేదు, కోప్పడలేదు, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఆయనా నిద్రపోయినట్టు లేడు, ఈ వేసవిలో బస్తీలో ప్రతి రెండో ఇంటా ఇదే గోల. పెరగలేదంటే లేదని కాదు, దారిలో చచ్చిపోయిందని అన్నాడు. పిల్ల కడుపులో కత్తిలా ఉండే పురుగు బయటికి వస్తే ఇంత ఎండకు ఆగదట, కాస్త ఫినాయిలు తగిలితే ఆగదట, దానితోపాటు వచ్చిన సాధు పురుగులేమో ఎండకు ఇంకా విజృంభిస్తాయట, అసలు దొంగ దొరక్కుండా పోతుందట. దొరక్కపోతే ఏ మందో చెప్పలేడు. తోచిన మందల్లా పోయడానికి పిల్లలో ఓపిక మిగల్లేదు, ఇంక ఒక్క మందే వెయ్యగలం, అది సరైనదే కావాలి, అని చెప్పి ఈ గులాబీ నీళ్ల సీసా ఇచ్చాడు, లేబొరేటరీవాళ్లే ఇచ్చారట, కడగొద్దు, తుడవొద్దు, పసుపు రాయొద్దు, పట్టగానే మంచులో పెట్టి తిన్నగా తీసుకెళ్లు అన్నాడు. నీళ్ల రంగు పసుపుపచ్చకు తిరిగితే పాడైనట్టేనట. నా జన్మలో పసుపు రంగుకు భయపడటం ఇదే మొదలు.

అందుకని ఇప్పుడు నేను ఆ పురుగు బతకాలని కోరుకుంటున్నాను. ఈ టెంపోలో కూర్చుని, నా పిల్ల పేగులు కోసుకు తింటున్న దాన్ని, చావకూడదు చావకూడదు అని పదే పదే అనుకుంటున్నాను. ఇది ప్రార్థనేనా? ఎవరికి చెప్పుకోవాలి? సింహాద్రి అప్పన్నకు చెప్పుకుంటున్నాను, ఆయన మా ఇంటి ఇలవేల్పు, ఆయన ఉగ్రం చల్లారాలనే కదా ఏడాది పొడుగునా ఒళ్లంతా చందనం పూసి ఉంచుతారు, చలువ సంగతి ఆయనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు, స్వామీ ఈ కేరేజీని చల్లగా ఉంచు అంటున్నాను. ఉంచితే ఏం బతుకుతుందో స్వామికి తెలియదా. పుట్టించినవాడే కదా. నా పిల్లనూ పుట్టించాడు, దీన్నీ పుట్టించాడు, ఈ రెండింటిలో ఒకటే మిగలాలంటే ముందు రెండోదాన్ని కాపాడమని అడగవలసి రావడమేమిటి, ఇలాంటి లెక్క ఆయన ఎందుకు పెట్టాడు అని అనిపిస్తోంది, అనిపించగానే లెంపలు వేసుకోవడానికి చెయ్యి లేస్తోంది, చేతిలో కేరేజీ ఉంది. అలిసిపోయాను స్వామీ, అడగడం నాకు సరిగా రావడం లేదు.

ఎవరో ఎక్కారు, బండి ఒక పక్కకు ఒరిగింది. చూస్తే ముసలయ్య తాత. పొడుగాటి నామం, తడి తల, భుజాన తడి తువ్వాలు, ఒళ్లో మూత పెట్టిన ఇత్తడి బిందె. మా వాళ్ల భజన బృందానికి పెద్ద. శనివారం శనివారం సువర్ణరేఖలో మునిగి, ఆ నీళ్లే పట్టుకెళ్లి రామమందిరంలో స్వామికి అభిషేకం చేయిస్తాడు, కుళాయి నీళ్లంటే ఒప్పడు. శనివారాలు నేనూ ఆయన వెనక తాళం వేసేవాణ్ణి. పక్కనే కూర్చున్నాడు. ముక్కు ఎగబీల్చాడు. మూత నొక్కి పట్టుకున్నాను, కాని ఆయనకు తగిలిన వాసన వేరు.

“ఏట్రా గణపతీ, శనారం పూట సేపల కంపు కొడతన్నావు? కేరేజీలో ఏటేసుకొచ్చావు?”

ఏం లేదు తాతా అన్నాను.

“ఏటీ లేకపోతే కంపెలాగొత్తాది? భజనలో కళ్లు మూసుకుని తలూపుతాడు, ఇక్కడ సూడు, కేరేజీ నిండా కొర్రమీను. కానీ, కానీ, నానేటీ ఎవరికీ సెప్పను. నాకో ముక్కుంచు సాలు.”

ఎదురుగా కూర్చున్న ఇద్దరు నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను, మొహం ఏదో చేసింది. కంపు నిజమే. మంచు చేపల బుట్టలోది. తెల్లవారుతూనే చిలకమ్మప్ప దగ్గరికి పరిగెత్తాను, ఆవిడ అప్పుడే బుట్ట దించుకుని గోనెపట్టా విప్పుతోంది, చేపల మీది మంచు కావాలి అన్నాను, పై పైది కాకుండా అడుగుది గట్టిగా ఉన్నది కావాలి అన్నాను, ఎందుకో చెప్పాను. ఆవిడ చేపలన్నీ గట్టు మీద గుమ్మరించేసింది, అడుగు మంచు కొడవలి పిడితో పగలగొట్టి గిన్నెలో పోసింది. మరి నీ చేపలో అప్పా అన్నాను. “సేపలు రేపూ వత్తాయి బాబూ, నడు” అంది. ఆ చేపలు మధ్యాహ్నానికి ఏమవుతాయో నాకు తెలుసు. రోజూ పార్శిల్ ఆఫీసులో చూసేది అదే, కింది రేవుల నుంచి వచ్చే బుట్టలు, ఆలస్యమైన బండి దిగిన బుట్టల కింద కారే ఎర్ర నీళ్లు, చిల్లుల పెట్టెల్లో కోడిపిల్లలు, తమలపాకుల మోపులు, మోపు మీద తడి తగ్గిందని తిట్టుకునే కూలీలు. బతికున్నవీ బతికున్నట్టు కనిపించేవీ ఎన్ని నా చేతుల మీదుగా దాటలేదు. వాటిలో ఏది చేరింది ఏది చేరలేదు అని ఇంటికి పోయాక ఏనాడైనా అనుకున్నానా. ఇంట్లోంచి వస్తుంటే కాంతం పిల్ల తల ఒళ్లోంచి దించకుండానే నా వైపు చూసింది. కేరేజీ తనే అరమీంచి తీసి ఇచ్చింది, ఇంక మీద ఇందులో అన్నం పెట్టడం కుదరదని ఇద్దరికీ తెలుసు. అమ్మ గుమ్మంలో నిలబడి ఎప్పటిలాగే అలవాటు కొద్దీ సల్లగా ఎల్లి సల్లగా రా అంది, అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది, ఆ మాట నాకు తగులుతుందో సీసాకు తగులుతుందో ఆవిడకూ తెలియలేదు.

గిన్నెలో ముక్కల చప్పుడు మారింది. ఇందాక కదిలిస్తే గలగలమన్నాయి, ఇప్పుడు నీళ్లలో తేలుతున్నట్టు బరువుగా కొట్టుకుంటున్నాయి. మూత తీసి రంగు చూడాలని చేతులు పీకుతున్నాయి. తీస్తే వేడి లోపలికి పోతుంది. తీయకపోతే ఏమో తెలియదు. డ్రైవరు ఇంకో బీడీ కోసం చెవి వెనక తడుముకుంటున్నాడు. భయ్యా చలో అన్నాను. ఔర్ దో సవారీ అన్నాడు, ఇంకో ఇద్దరు రావాలి. చలో భయ్యా, జల్దీ హై అన్నాను. అందరికీ జల్దీయే అన్నట్టు చెయ్యి ఊపాడు. ముసలయ్య తాత, చేపలు కుళ్లిపోతాయేమోనని వీడి బెంగ అన్నాడు, మళ్లీ నవ్వారు. ఎదురుగా ఒకామె ఒళ్లో పసిబిడ్డ, ఆ పక్కన తలపాగా ఆయన మోకాళ్ల మధ్య పూల బుట్ట, ఇక్కడ ఇత్తడి బిందెలో స్వామి నీళ్లు, వీళ్లందరి మోకాళ్లు నా కేరేజీకి ఆనుకుని ఉన్నాయి. చెప్తే ఏమవుతుంది. దింపేస్తారు. ఎండలో నిలబడతాను, రెండో టెంపో మళ్లీ మొదటినుంచి నిండాలి. చెప్పకపోతే ఇక్కడే కూర్చుంటాను, అప్పుడు ఇది ఇక్కడే చస్తుంది, మళ్లీ ఒక చీటీ వస్తుంది, ఏమీ పెరగలేదని. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను, తల రేకుకు కొట్టుకుంది. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇందులో చేపలు లేవు, నా పిల్ల విరేచనం ఉంది, నెత్తురు పడుతోంది, మంచు కరిగేలోపు పెద్దాసుపత్రికి చేరకపోతే ఏ మందు వెయ్యాలో తెలియదు, తెలియకపోతే పిల్ల ఉండదు. హిందీలో మొదలుపెట్టి తెలుగులో ముగించినట్టున్నాను. పిల్ల ఉండదు అన్నది తెలుగులోనే అన్నాను.

పసిబిడ్డ తల్లి చప్పున ముక్కుకు కొంగు పెట్టుకుంది. తలపాగా ఆయన పూలబుట్ట వెనక్కి లాక్కున్నాడు. డ్రైవరు నా మొహం చూశాడు, కేరేజీని చూశాడు, బీడీ పారేసి, ఎక్కి, తాడు లాగి ఇంజను లేపాడు. బండి కదిలింది. కూర్చుందామంటే ముసలయ్య తాత మోకాలు అడ్డంగా ఉంది. ఆయన లేవమంటాడని, దూరం జరగమంటాడని చూశాను. ఆయన తన భుజం మీది తడి తువ్వాలు తీసి నాలుగు మడతలు వేస్తున్నాడు.

“ఇలాగ తే. ఇంజను పక్కనెట్టుకున్నావు, సలికాలమా ఇది? తేరా, తే.”

తాతా మైల అన్నాను.

“మైలే. మా ఆడది పదిమందిని కన్నాది, మైలెరగనా నాను?”

కేరేజీ చుట్టూ తువ్వాలు చుట్టి, బిందె మూత తీసి, అరచేత్తో నీళ్లు తీసి తువ్వాలు మీద పోశాడు. మళ్లీ తీశాడు, మళ్లీ పోశాడు. తాతా అవి అభిషేకం నీళ్లు అంటున్నాను, ఆయన నా వైపు చూడటం లేదు, చౌరస్తాలూ మలుపులూ దాటుతున్నా ఆయన చెయ్యి బిందెలోకి పోతూ వస్తూనే ఉంది. సాక్చి దాటేటప్పుడు, “సాములోరికి ఇయ్యాల కుళాయి నీల్లు పోద్దుం” అన్నాడు, ఇంకెవరితోనో తగువులాడుతున్నట్టు, విసుగ్గా. కాసేపాగి పిల్ల పేరేటన్నావు అని అడిగాడు. చెప్పాను. ఆయన పెదవులు కదిలాయి, జపమో ఏమో. నీళ్లు నా పాదాల మీద కారుతున్నాయి. నాకు నిద్ర ముంచుకొస్తోంది, నిద్రలాంటిదేదో, గాలి, ఫ్యాక్టరీ గొట్టాల మీద నిలబడిన పొగ, సైకిళ్ల మంద, ఆ మందలో ఎవరి కేరేజీ వాడి హాండిలుకు, ప్రతి కేరేజీలోనూ ఏముందో ఎవరికి తెలుసు. ఆయన పోస్తున్నది ఎవరి మీద? పిల్ల మీదనుకుంటున్నాడు. పురుగు మీద అని నేను చెప్పలేదు. చెప్పినా పోసేవాడేమో. పోసేవాడనే అనిపించింది.

లేబొరేటరీ కిటికీ తెరిచే ఉంది. కళ్లద్దాల ఆవిడ, తెల్లకోటు, జడ మలయాళీ జడలా ఉంది, హిందీ నాకన్నా నింపాదిగా మాట్లాడుతోంది. తువ్వాలు విప్పాను, మూత తీశాను. మంచు ఇంకా ఉంది, గోళీలంత ముక్కలు. సీసా తీసి వెలుగుకు పట్టింది. గులాబీ. గులాబీ రంగే. ఆవిడ సీసాను చేత్తో తాకి, ఠండా హై అంది, చల్లగానే ఉందని, అదొక మామూలు మాటలా అంది, నేను కిటికీ చట్రం పట్టుకున్నాను. చీటీ మీద పిల్ల పేరు రాసి, నేను చూస్తుండగానే ఒక సన్నతీగ మంటలో కాల్చి చల్లార్చి, సీసాలో ముంచి, గాజుమూతల పళ్లెంలో ఎర్రగా గడ్డకట్టిన దాని మీద గీతలు గీసింది, ముగ్గు వేసే చెయ్యిలా తొందర లేని చెయ్యి. అయిందా అన్నాను. అయింది అంది. బతికుందా అన్నాను. ఆవిడ తలెత్తి చూసింది, చాలామంది ఇలా అడగరేమో. రేపు తెలుస్తుంది అంది, రేపటికి పెరిగితే, ఆ పైన దాని చుట్టూ మందులు పెట్టి చూస్తాం, దేనికి వెనక్కి తగ్గుతుందో అది మీ డాక్టరుకు రాసిస్తాం. సరేనన్నాను. వెళ్లలేదు. గదిలో ఫ్యాను తిరగడం లేదు, కిటికీలోంచి ఎండ బల్ల మీదికి పాకుతోంది, నాకు భయం వేసింది, ఇంతసేపూ పడ్డ పాటు గుర్తొచ్చి, అమ్మా దాన్ని మళ్లీ మంచులో పెట్టరా, ఇక్కడ వేడిగా ఉంది అన్నాను.

ఆవిడ మొదటిసారి కొంచెం నవ్వింది. ఇప్పుడు చల్లగా కాదు అంది, చల్లన దారి వరకే. గోడవారన ఉన్న ఇనప పెట్టె తలుపు తెరిచింది, బీరువాలాంటి పెట్టె, లోపల చిన్న ఎర్రదీపం. ఇందులో పెడతాం, ఇందులో రాత్రంతా వెచ్చగా ఉంటుంది, సరిగ్గా బచ్చీ కే పేట్ జైసా, పిల్ల కడుపులో ఎంత వెచ్చన ఉంటుందో అంత, అప్పుడే పెరుగుతుంది అంది. పళ్లెం లోపల పెట్టి తలుపు వేసింది. తలుపు మెత్తగా, పిల్ల పడుకున్న గది తలుపు వేసినట్టు వేసింది.

వరండాలోకి వచ్చి కుళాయి కింద చేతులు కడుక్కున్నాను, మొహం కడుక్కున్నాను, నీళ్లు వేడిగా వచ్చాయి. ఆ మెట్టు మీదే పడి నిద్రపోవచ్చు, ఎవరూ లేపరు. పద్మ కడుపంత వెచ్చన ఇక్కడ ఒకటి, అక్కడ కాంతం ఒళ్లో ఒకటి. ఇవాళ రాత్రి రెండూ గడవాలి. రెండు చోట్లా కూర్చోవడం నావల్ల కాదు. తిరిగి ఆ కిటికీ వైపు చూశాను, ఆవిడ అప్పటికే ఇంకెవరి సీసానో అందుకుంటోంది, చేతులు జోడించడానికి అక్కడ పటమూ లేదు దీపమూ లేదు, ఆ ఇనప పెట్టె ఒక్కటే ఉంది, దానికే జోడించాను. అప్పన్నా, దీని పక్కన నువ్వు కూర్చో స్వామీ, పిల్ల పక్కన నేను కూర్చుంటాను అని చెప్పి, టెంపోల వైపు నడిచాను.